టైరు సాముద్రికం

పద్యంలో యతి ఎక్కడ తప్పిందో చెవితోనే పట్టేస్తానని నాకు కాస్త గర్వం. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. కుర్రాడు లేచి నిలబడి ఉత్పలమాల చదువుతూ ఒక్క గురువును లఘువు చేశాడంటే, నేను బోర్డు వైపు తిరిగి ఉన్నా సరే, "అక్కడ ఆగు నాయనా" అంటాను. ఇంతటి చెవి పెట్టుకుని కూడా, నా సొంత కారు పదకొండు నెలలపాటు నా కిందనే మూలుగుతూంటే వినిపించుకోలేకపోయాను. ఆ సిగ్గుచేటు కథే ఇది.

కారంటే పెద్ద కారేమీ కాదు. మరొకరు వాడి వదిలిన చిన్న బండి. మా ఇల్లు విజయవాడలో. ఉద్యోగం కృష్ణ దాటి గుంటూరు జిల్లాలో. రోజూ పొద్దున ప్రకాశం బ్యారేజీ మీదుగా పోవడం, సాయంత్రం దాని మీదుగానే రావడం. ఆదివారాలు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఎక్కడికైనా పోవడం. వెనక సీటులో మా అమ్మ, ఏడో క్లాసు చదువుతున్న మా అమ్మాయి. ముందు నా పక్కన మా ఆవిడ.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా పిన్నిగారి ఇల్లు అక్కడే. నీరు చాలావరకు తీశాక, బియ్యం మూటా మంచినీళ్ళ డబ్బాలూ వేసుకుని బయలుదేరాను. రోడ్డు మీద ఇంకా జానెడు నీరు నిలిచి ఉంది. ఆ నీటి కింద గొయ్యి ఉందని ఎవరికి తెలుసు? ముందు ఎడమ చక్రం దభీమని దిగబడింది. లోపల డబ్బాలు ఎగిరి పడ్డాయి, నా పళ్ళు టకటకలాడాయి. కర్ణుడి రథచక్రం భూమిలో దిగబడిన ఘట్టం నేను ఆ వారమే క్లాసులో చెప్పి ఉన్నాను. నా అదృష్టం బాగుండి నలుగురు కుర్రాళ్ళు వచ్చి తోశారు. బండి కదిలింది. దిగి చూశాను, టైరు పగల్లేదు, చక్రం సొట్ట పోలేదు. "గట్టి బండి" అనుకుని వెళ్ళిపోయాను.

రెండు నెలల తరవాత ముందు టైర్లు రెండూ మార్పించాను. అవి ఎలాగూ పాతవే. మార్చిన చోటే చక్రాల అలైన్‌మెంటు కూడా చేసి, "ఓకే సార్" అని ఓ కాగితం చేతిలో పెట్టారు. దాన్ని మడిచి డాష్‌బోర్డు అరలో పడేశాను. ఆ కాగితం సంగతి మళ్ళీ వస్తుంది.

అక్కడి నుంచి ఇంట్లో ఫిర్యాదులు మొదలయ్యాయి.

మొదటి ఫిర్యాదు మా అమ్మది. ఆవిడ పుట్టింది దివిసీమలో. "ఒరేయ్, నీ బండిలో కూచుంటే నాగాయలంక రేవులో పడవెక్కినట్టుందిరా. కడుపులో తిప్పుతోంది" అంది. వయసు మీద పడుతోంది, పైత్యం చేసిందేమో అనుకుని వాంతుల బిళ్ళ కొనిచ్చాను.

రెండోది మా ఆవిడది. "ఏమండీ, వెనక నుంచి ఏదో మూలుగు వినిపిస్తోంది. వేగం పెరిగితే అదీ పెరుగుతోంది." నేను పాండిత్యం ఒలకబోశాను. "అది సిమెంటు రోడ్డు. సిమెంటు రోడ్డు మీద ఏ టైరైనా మోగుతుంది." తారు రోడ్డు మీదికి వచ్చాక కూడా మోగుతోందని ఆవిడ అంది. నేను రేడియో పెట్టాను.

మూడోది మా అమ్మాయిది. అది ఫిర్యాదు కాదు, లెక్క. "నాన్నా, స్పీడు బ్రేకరు దాటాక కారు మళ్ళీ మూడుసార్లు ఊగుతోంది. నేను లెక్కపెట్టాను. మామయ్యవాళ్ళ కారు ఒక్కసారే." పిల్లకు లెక్కల్లో మార్కులు బాగా వస్తాయని సంతోషించానే గాని, ఆ లెక్క ఏమిటని అడగలేదు.

నాకు తెలిసిన లోపం ఒక్కటే. స్టీరింగు కొంచెం కుడివైపుకు గుంజుతూండేది. చేతితో బిగపట్టి నడపడం అలవాటైపోయి, కొన్నాళ్ళకు అదీ తెలియకుండా పోయింది. శల్యుడి వంటి సారథి పక్కన చేరి అధైర్యపరిచాడని చెప్పుకుందామంటే కర్ణుడికి వీలుంది గాని, నాకు ఆ వీలు కూడా లేదు. నా బండిలో కూచున్న ముగ్గురూ నిజమే చెప్పారు.

ఒకరోజు సాయంత్రం సీతానగరం దగ్గర సన్నగా చినుకులు పడుతున్నాయి. నా ముందు బడిపిల్లల ఆటో. అది చటుక్కున ఆగింది. బ్రేకు తొక్కాను. కారు ముక్కు నేలకు దించింది, కాని ఆగలేదు. అలా జారుకుంటూ పోయి, ఆటో వెనక వేలాడుతున్న పుస్తకాల సంచులకు మూరెడు దూరంలో ఆగింది. వెనకవైపుకు తిరిగి కూచున్న ఇద్దరు పిల్లలు నన్ను చూసి నవ్వారు. వాళ్ళకేం తెలుసు? నా కాళ్ళు వణుకుతున్నాయి. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. వాన, తడి రోడ్డు అని సర్దిచెప్పుకున్నాను.

2025 కార్తీకమాసంలో శ్రీశైలం తీసుకుపొమ్మని అమ్మ అడిగింది. నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా దారి. దోర్నాల దాటితే నల్లమల, ఘాటు రోడ్డు. తెల్లవారుజామున బయలుదేరాలని నిశ్చయించుకుని, ముందురోజు సాయంత్రం గాలి కొట్టించుకుందామని మా వీధి చివరి పంక్చరు షాపుకు వెళ్ళాను. అమ్మా, పాపా కూడా షికారుగా ఎక్కారు.

ఆ షాపు పెద్దాయన ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షనులో ముప్పై యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అందరూ ఆయన్ను బాబాయి గారనే పిలుస్తారు. గాలి గొట్టం చేతిలో పట్టుకుని వచ్చాడు. గొట్టం పెట్టలేదు. వెనక టైరు మీద అరచెయ్యి వేసి, దూడ వీపు నిమిరినట్టు ఓసారి చుట్టూ నిమిరాడు.

"మేష్టారూ, వెనక నుంచి మూలుగు వస్తోందా?"

నాకు ఒళ్ళు జలదరించింది. "వస్తోందనే మా ఆవిడ అంటుంది."

"అమ్మగారికి కడుపులో తిప్పుతోందా?"

వెనక సీటులోంచి అమ్మ తల బయటపెట్టి, "ఏడాదై చెబుతున్నాను నాయనా, వీడు వింటేనా!" అంది.

సోదె చెప్పే ఎరుకలసాని కూడా చెయ్యి చూసే చెబుతుంది. ఈయన టైరు చూసి చెబుతున్నాడు. ఎలాగని అడిగాను. "మీరూ చెయ్యి వెయ్యండి" అన్నాడు. వేశాను. పైకి చూస్తే గాళ్ళు బాగానే ఉన్నాయి. చేతికి మాత్రం జానెడుకొక పల్లం తగులుతోంది. ఎత్తు, పల్లం, ఎత్తు, పల్లం. గులకరాళ్ళ దారిలా కాదు. ఎవరో వేలితో వరసగా నొక్కుకుంటూ పోయినట్టు.

తరవాత ఆయన పాపను పిలిచాడు. "ఏమ్మా, గతుకు దాటితే బండి ఎన్నిసార్లు ఊగుతుంది?" "మూడు!" అంది పాప తడుముకోకుండా. ఆయన కారు వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి, బలంగా కిందికి నొక్కి వదిలాడు. బండి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. "మంచి షాకబ్జర్ అయితే ఒక్కసారి లేచి కుదురుకోవాలి" అన్నాడు. అని, వెంటనే తనే ఓ హెచ్చరిక కూడా చేశాడు. ఈ పరీక్షకు పట్టుబడేది పూర్తిగా చచ్చిన షాకబ్జరేనట. కొంచెం నీరసించినది ఈ నొక్కుడుకు చిక్కదట. నొక్కి చూశాం, ఊగలేదు గనుక బాగుందనుకోవడం పొరపాటన్నమాట. అందుకే ముందు టైరు నిమరాలి, ఆ తరవాత కిందికి వంగి గొట్టం చూడాలి. టార్చి వేసి చూపించాడు. వెనక షాకబ్జర్ గొట్టం మీద నూనె కారి, దానికి దుమ్ము అంటుకుని, నల్లటి మడ్డిలా పేరుకుని ఉంది.

ఇక్కడ నాబోటివాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. షాకబ్జార్బరు అనే పేరు చూసి, కుదుపును మింగేది అదేనని నేనింతకాలం నమ్మాను. కాదు. కుదుపును తనలోకి తీసుకునేది స్ప్రింగు. కాని స్ప్రింగుకు ఓ దుర్గుణం ఉంది. ఒకసారి నొక్కితే ఉయ్యాలలాగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఉయ్యాలను పట్టి ఆపే చెయ్యి షాకబ్జర్. గొట్టం నిండా నూనె. అందులో సన్నటి రంధ్రాలున్న ముషలకం. చక్రం లేచినా దిగినా నూనె ఆ రంధ్రాల గుండా ఇరుక్కుంటూ పోవాలి. ఆ ఇరుకులో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. నూనె కారిపోయినా, లోపలి బిళ్ళలు అరిగిపోయినా పట్టుకునే చెయ్యి లేదు. చక్రం గతుకు దాటాక బంతిలా గెంతుతూ పోతుంది. గెంతి దిగిన ప్రతిచోటా రబ్బరు గీసుకుపోతుంది. అవే ఆ పల్లాలు. ఆ పల్లాలు రోడ్డుకు తగిలే చప్పుడే మా ఆవిడ విన్న మూలుగు. బేలన్సింగు తప్పినా ఇటువంటి పల్లాలే పడతాయట, అందుచేత అదీ చూడాలన్నాడు.

గెంతే చక్రం సగంసేపు నేలనే తాకదు. నేలను తాకని చక్రానికి బ్రేకు వేసి ఏమి లాభం? సీతానగరంలో ఆటో వెనక ఆ పిల్లల నవ్వు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఈసారి పైకే చెప్పాను. బాబాయి గారు గాలి గొట్టం పక్కన పడేసి, "స్టీరింగు ఓ పక్కకు పూర్తిగా తిప్పండి" అన్నాడు.

తిప్పాను. ముందు ఎడమ చక్రం బయటికి తిరిగింది. వంగి టార్చి వేశాడు. "చెయ్యి పెట్టకండి, గుచ్చుకుంటుంది" అన్నాడు.

నేను రోజూ పొద్దున్నే టైర్లు చూస్తాను. చూడనని ఎవరూ అనలేరు. కాని చూసేదంతా బయటి అంచు. అది కొత్తదానిలా ఉంది. లోపలి అంచు, రెండంగుళాల మేర, బోడిగుండు! ఒకచోట రబ్బరు కూడా పోయి, లోపలి తీగెలు బయటపడి, సాలెగూడులా మెరుస్తున్నాయి. పదకొండు నెలల టైరు. పధ్నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు.

"దీని మీద ఘాటు ఎక్కుదామనుకున్నారా మేష్టారూ?" అన్నాడు నెమ్మదిగా. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆయన షాపు పక్కన పాత టైర్ల గుట్ట ఉంది. అందులోంచి ఒక్కొక్కటే లాగి నాకు చూపించాడు. అది ఆయన గ్రంథాలయం. రెండంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి చాలక నడిచిన టైరు. నడుమ అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువైనది. ఇవి రెండూ తేలిక. ఎంత గాలి పట్టాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే చీటీ మీదే రాసి ఉంటుంది. బండి దూరం నడిచి వేడెక్కక ముందే కొలవాలి. మూడో టైరును నా చేత అడ్డంగా నిమిరించాడు. ఒకవైపుకు నిమిరితే నున్నన, తిరగేసి నిమిరితే రంపపు పళ్ళు. ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి సమానంగా చూడక, నడిచేటప్పుడు వేళ్ళు లోపలికో బయటికో తిప్పి వేసే మనిషి పాదాల్లా ఉంటే ఇలా అవుతుంది. దాన్ని అలైన్‌మెంటు మిషను మీద దిద్దవచ్చు. గాళ్ళ మధ్య అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. రబ్బరు అరిగి ఆ దిమ్మెల మట్టానికి వచ్చిందంటే టైరుకు ఆయుర్దాయం తీరినట్టే. నేను వాటిని తయారీలో దొర్లిన అచ్చుతప్పులనుకున్నాను! టైరు పక్కన నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో పుట్టిందని. గుండు కాకపోయినా ముసలిదైన టైరు పక్కలు పగుళ్ళిస్తుంది.

"మరి నాది?"

"మీది వేరు. మీ చక్రమే పక్కకు ఒరిగి నిలబడింది. తల లోపలికి, కాళ్ళు బయటికి. అందుకే లోపలి అంచు మీదే బరువంతా."

అలైన్‌మెంటు చేయించానే అన్నాను. కాగితం ఏదన్నాడు. డాష్‌బోర్డు అరలోంచి తీసి ఇచ్చాను. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వేలు పెట్టి చూపించాడు. అంకెలన్నీ పచ్చరంగులో ఉన్నాయి. ఎడమ చక్రం కేంబరు దగ్గర ఒక్క అంకె మాత్రం ఎర్రగా ఉంది.

అంతా ఆ కాగితంలోనే ఉంది. పదకొండు నెలలుగా నా మోకాలికి ఎదురుగానే ఉంది. "మూలం చదవండిరా, ఎవడో రాసిన గైడు కాదు" అని ఏటా పిల్లల్ని చీవాట్లు పెట్టే తెలుగు మేష్టారు, మడత విప్పకుండానే "ఓకే సార్" అన్న మాట నమ్మాడు. ఆ షాపువాళ్ళను అనదలుచుకోలేదు. దిద్దగలిగినంత వాళ్ళు దిద్దారు. ఇటువంటి చిన్న కార్లలో చాలావాటికి చక్రాల వేళ్ళు లోపలికి బయటికి తిప్పేందుకే మరలుంటాయి గాని, ఒరుగుదల దిద్దే ఏర్పాటు ఉండదట. ఒరిగిందంటే ఏదో వంగిందన్నమాట. ఏది వంగిందో వెతకాలి. ఎర్ర అంకె సంగతి నోటితో చెప్పకపోవడమే వాళ్ళ తప్పు.

"ఎప్పుడైనా గోతిలో దిగబడిందా?" అన్నాడు. సింగ్‌నగర్ సంగతి చెప్పాను. ఆయన తల పంకించాడు. ఈ కార్లలో ముందు షాకబ్జర్ ఊపు ఆపే గొట్టమే కాదు. చక్రాన్ని నిలబెట్టే నిట్రాట కూడా అదే. 1940లలో మెక్ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు చేసిన ఏర్పాటు ఇది. చోటు తక్కువ, ఖర్చు తక్కువ. చిన్న కార్లకు వరం. కాని గోతిలో గట్టి దెబ్బ తగిలితే నిట్రాట వంగుతుంది. నిట్రాట వంగిన పాక ఎలా ఉంటుందో పల్లెటూరివాణ్ణి నాకు వేరే చెప్పాలా? చక్రం ఒరిగింది, స్టీరింగు కుడికి గుంజింది, టైరు లోపల్లోపల తినేసింది. కొత్త టైరు వేసి నేను ఆ జబ్బుకు మేత వేశాను, అంతే.

మా తాతగారికి ఒంటెద్దు బండి ఉండేది. ప్రయాణం ముందురోజు రాత్రి ఆయన లాంతరు పట్టుకుని చక్రం చుట్టూ తిరిగేవాడు. శీల చూసేవాడు, ఇరుసుకు కందెన పెట్టేవాడు, ఆకులు ఒక్కొక్కటే కదిపి చూసేవాడు. ఇనుప పట్టా చక్రం గనుక లోపం ఉంటే అరమైలు దూరానికి వినిపించేది. ఈ గాలి టైరు వచ్చి మనకు సుఖం ఇచ్చి, ఆ చెవి కాస్తా తీసుకుపోయింది. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ దారిలో కుదుపుతోందని, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. థామ్సన్ అనే ఆయన అంతకు నలభై యేళ్ళ ముందే పేటెంటు తీసుకున్నాడు గాని, అప్పుడెవరూ పట్టించుకోలేదు. బిడ్డ కుదుపు మాట విన్న తండ్రికి ఆ కీర్తి దక్కింది. మా పాప మూడుసార్లని లెక్కపెట్టి చెప్పింది కూడా!

ఆ రాత్రే స్టెప్నీ వేయించి, బండిని మెల్లగా ఇంటికి చేర్చాను. శ్రీశైలానికి ఆర్టీసీ బస్సులో వెళ్ళాం. అది బాబాయి గారి సలహానే. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో డిపో గర్వం వినిపించింది. ఘాటు మలుపుల్లో నేను కిటికీలోంచి లోయ చూస్తూ, తీగెలు తేలిన టైరునే తలచుకున్నాను. అమ్మ మాత్రం, "చూశావురా, ఇంత కొండెక్కినా కడుపులో తిప్పలేదు" అని నా మీద ఓ చెణుకు విసిరింది.

తిరిగి వచ్చాక ఆటోనగర్‌లో పని జరిగింది. ముందు షాకబ్జర్లు రెండు, వెనకవి రెండు. చెడింది ఒకటే కదా అని బేరమాడాను. ఒకవైపు పడుచు, ఒకవైపు ముసలి అయితే బ్రేకు వేసినప్పుడు బండి ఓ పక్కకు లాగుతుంది గనుక జతగానే మార్చాలన్నారు. తరవాత అలైన్‌మెంటు. ఈసారి కాగితం అక్కడే నిలబడి, పద్యానికి గణవిభజన చేసినట్టు, ఒక్కొక్క అంకే చదివాను. ఎరుపు లేదు.

టైర్లు రెండే కొన్నాను. రెండు కొత్తవీ వెనక్కి వెయ్యమన్నాడు బాబాయి గారు. స్టీరింగు ముందుంటే కొత్తవి వెనకెందుకని వాదించాను. "తడి రోడ్డు మీద ముందు జారితే మీకు చేతిలో తెలుస్తుంది, కాలు తీస్తారు. వెనక జారిందంటే బండే గిర్రున తిరుగుతుంది, మీ చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు. వాదన కట్టిపెట్టాను. పల్లాలు పడ్డ వెనక టైర్లు ముందుకు వచ్చాయి. గాళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. పడ్డ పల్లాలు మాత్రం పూడవు గనుక ఆ మూలుగు కొన్నాళ్ళు వినిపిస్తూనే ఉంటుంది. మొత్తం మీద నెల జీతంలో పెద్ద ముక్కే ఎగిరిపోయింది. పాప చదువుకు దాచిన దాంట్లో కొంత కదపవలసి వచ్చింది. అది తిరిగి పూడ్చడానికి ట్యూషన్లు ఒప్పుకున్నాను.

ఇప్పుడు గతుకు దాటితే పాప "ఒకటి" అని ఆగుతుంది. ప్రతి ఆదివారం నేను స్టీరింగు తిప్పి, టార్చి పట్టుకుని, నేల మీద కూచుని లోపలి అంచులు చూస్తూంటే వీధిలో వాళ్ళు నాకేదో పారేసుకునే జబ్బు పట్టిందనుకుంటున్నారు.

మొన్న గుంటూరు నుంచి వస్తున్నాం. మంగళగిరి దాటాక మా ఆవిడ, "ఏమండీ, వెనక ఏదో గడగడమంటోంది" అంది. మాట పూర్తి కాకముందే బండి పక్కకు తీసి ఆపేశాను. టార్చి తీశాను, నాలుగు చక్రాలూ నిమిరాను, కింద దూరి చూశాను. చొక్కా నిండా దుమ్ము. అమ్మ కిటికీలోంచి అంతా చూస్తూ కూచుంది.

చివరికి డిక్కీ తెరిచాం. అమ్మ మా అక్క ఇంట్లోంచి తెచ్చుకున్న ఇత్తడి మరచెంబు, మూత ఊడి, స్టెప్నీ చుట్టూ దొర్లుతోంది.